పెన్‌డ్రైవ్‌లో లైనక్స్: ఫర్వానియా రూమ్‌లో ఒక శుక్రవారం

ఏసీ సౌండ్ వినిపిస్తే ఏమనుకోవద్దు. రూమ్‌లో ఆరుగురం ఉంటాం, నా రికార్డింగ్ కోసం ఏసీ ఆపితే తంతారు.

ఈమధ్య వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ ఇదే అడుగుతున్నారు. "అన్నా, విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని వస్తోంది, కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?" అని. నిజమే, మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి. మన దగ్గర ఉండేవి అల్ రాయ్ శుక్రవారం మార్కెట్ సరుకు, వాటికి ఇవన్నీ ఎక్కడివి!

మా రూమ్‌లో రాజంపేట తమ్ముడు ఒకడున్నాడు. వాడిదీ అలాంటిదే, 4 జీబీ ర్యామ్, 35 దినార్లకి కొన్నాడు. గోడౌన్‌లో హెల్పర్ పని. ఎక్సెల్ నేర్చుకుంటే స్టోర్‌కీపర్ పోస్టుకి అడగొచ్చని రాత్రిళ్ళు కూర్చుంటాడు. షాపులో చూపిస్తే "ఇది పడేయ్, 130 పెట్టి కొత్తది తీసుకో" అన్నారంట. అది వాడి నెల జీతం కంటే ఎక్కువ.

"ఆగరా, ముందు లైనక్స్ పెట్టి చూద్దాం" అన్నాను.

లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అని తేలికైన రకం ఉంది. డబ్బులు కట్టక్కర్లేదు, ఫైల్ దాదాపు 3 జీబీ. దాన్ని రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కాలి. పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం నడుస్తుంది. లోపలి విండోస్ అలాగే ఉంటుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేయడమే.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. రూఫస్ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది. ముందే హెచ్చరిస్తుంది కూడా. నేను చదవకుండా ఓకే కొట్టా. అందులో మా చెల్లి పెళ్లి వీడియో ఉంది. లీవు దొరక్క పోలేకపోయిన పెళ్లి. ఊరికి ఫోన్ చేస్తే ఫోటోగ్రాఫర్ దగ్గర కాపీ లేదన్నాడు. చివరికి మా బావ ఫోన్లో అరగంట ముక్క దొరికింది, తలంబ్రాల దాకా లేదు. అందుకే చెప్తున్నా, ఖాళీ పెన్‌డ్రైవ్ వేరేగా కొనండి.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెర వచ్చింది, సౌండ్ వచ్చింది, వైఫై మాత్రం రాలేదు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లతో ఈ తంటా ఉంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే దానికి కావలసిన డ్రైవర్ చూపించింది. చాయ్ తాగొచ్చేసరికి వైఫై వచ్చేసింది.

తెలుగు టైపింగ్ కోసం ఐబస్ ఎం17ఎన్ వేశాం. అందులో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్‌టీఎస్ కూడా ఉంది. ఆర్‌టీఎస్ అంటే 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న మన తెలుగువాళ్ళు చేసిన పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. వాళ్ళూ మనలాగే ఊరికి దూరంగా ఉండి చేసిన పనే.

ఎక్సెల్ సంగతి దాచకుండా చెప్తా. లైనక్స్‌లో ఎక్సెల్ నేరుగా ఎక్కదు, లిబ్రేఆఫీస్ కాల్క్ ఉంటుంది. సమ్, వీలుకప్ లాంటి ఫార్ములాలు అవే. మెనూలు వేరు, మాక్రోలు అన్నీ పనిచేయవు. ట్యాలీ నేర్చుకునేవాళ్ళయితే విండోస్ తీసేయొద్దు. తమ్ముడికి నేను చెప్పింది, కాల్క్‌లో చెయ్యి తిప్పుకో, ఇంటర్వ్యూకి ముందు బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే ఎక్సెల్‌లో మెనూలు అలవాటు చేసుకో అని.

పెన్‌డ్రైవ్ మీద రెండు వారాలు వాడాడు. అలా వాడితే సేవ్ చేసుకున్నవి ఆఫ్ చేయగానే పోతాయి, మెయిల్‌కి పంపుకునేవాడు. పోయిన శుక్రవారం ఇన్‌స్టాల్ చేద్దామన్నాడు. "ఎరేజ్ డిస్క్" అనే లైను దగ్గర వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు వాడి కూతురు ఫోటోలు, సివిల్ ఐడీ, పాస్‌పోర్టు స్కాన్‌లు అన్నీ రెండు చోట్ల కాపీ చేశాం. ఒక్కో ఫోల్డర్ తెరిచి చూశాం. ఆ తర్వాతే నొక్కనిచ్చా.