నల్లమలకు ఏ రంగు?

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రార్థన జరిగే చోట ఎదురుగా ఉన్న గోడ మీద నల్లమల బొమ్మ వేసే పని సంఘం నాకు అప్పగించింది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

గోడ పొడవు 40 అడుగులు, ఎత్తు 10 అడుగులు. గీత పని తొందరగానే అయింది. కాగితం మీద అంగుళానికో గడి, గోడ మీద అడుగుకో గడి. సుద్ద పూసిన దారం లాగి కొట్టి 400 గళ్లు తీసి, కాగితం మీది గీతలను గడి తర్వాత గడిగా గోడకెక్కించాం. అసలు కష్టం రంగు దగ్గరే.

"అడవి అంటే పచ్చగా కళకళలాడాలె" అన్నారు మిత్రులు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ డబ్బా మూత తీయగానే కనిపించే ఆకుపచ్చ మన అడవిలో ఏ చెట్టుకూ లేదు. పిల్లలను అడవి గీయమంటే రెండు ముక్కోణాల కొండలు, నడుమ సూర్యుడు, కింద పచ్చిక గీస్తారు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కన చదివే పిల్లలు కూడా క్యాలెండర్ సీనరీనే గీస్తే, గోడకు రంగు పూసి ఏం లాభం?

అందుకే చెక్క పలకల మీద పన్నెండు రకాల పచ్చలు పూసుకొని మన్ననూరు దాటి ఫర్హాబాద్ దారి పట్టాం. పలకలను చెట్ల ముందు ఎత్తి పట్టుకొని పోల్చి చూశాం. అక్కడ ఒక చెంచు తాతను, "ఏది సరిపోతది తాతా?" అని అడిగాం. ఆయన పలకలన్నీ చూసి, "ఏ నెల అడివి ఏస్తున్నవు బిడ్డా?" అన్నాడు. మా పనికి దారి చూపింది ఆ ప్రశ్నే.

నల్లమల ఆకురాల్చే అడవి. శివరాత్రి నాటికి మోదుగు పూలు నిప్పుకణికల్లా ఉంటాయి. ఎండలు ముదిరితే గడ్డి ఎండు చొప్ప రంగుకు తిరుగుతుంది. చెంచులు బంక తీసే తపసి చెట్టు ఆకులన్నీ రాల్చి, తెల్లటి మానుతో దూరానికే మెరుస్తుంది. ఇప్ప చిగురు రాగి రంగు. వానలు పడ్డాకే పచ్చదనం వస్తుంది. కృష్ణ కూడా అంతే. వరద నీరు ఎర్రమట్టి రంగు, చలికాలం నాటికి తేటపడి పచ్చనీలం. కాబట్టి గోడకు ఎడమ చివర ఎండాకాలం, నడుమ వానాకాలం, కుడి చివర చలికాలం పెట్టాం. మిత్రుల పచ్చకు నడుమ చోటు దొరికింది.

ఇక కలపడం. చిత్రకళ మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఇది వినాలి. పచ్చను తగ్గించాలంటే నలుపు పోయకండి, రంగు చచ్చిపోతుంది. చిటికెడు ఎరుపు కలపండి, ఆకు మీద ఎండ పడినట్టు నెమ్మదిస్తుంది. గోడకు వేసే ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి, ఆరితే ముదురుతుంది. కాబట్టి ముందు ఒక మూల పూసి, రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గేటు దగ్గర నిలబడి చూడాలి. ఒక కొండకు కావలసిన రంగంతా ఒకే బకెట్‌లో కలుపుకోవాలి. సగంలో అయిపోతే అదే రంగు మళ్లీ కుదరడం కష్టం.

ఈ గోడకు పడమటి ఎండ సూటిగా తగులుతుంది. మెరిసే ఎరుపులు, పసుపులు చాలావరకు ఎండకు వెలిసిపోతాయి. అందుకని రాళ్లకు, నేలకు మన ఇండ్ల గోడలకు పూసే జాజు జాతి రంగులే, అంటే ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు వాడాం. అజంతా గుహల్లోని ఎరుపు, పసుపు కూడా ఇలాంటి మట్టి నుంచి వచ్చినవే. తెలంగాణ రాళ్లను, గుట్టలను ప్రేమగా చిత్రించిన కొండపల్లి శేషగిరిరావు గారి బొమ్మలు చూస్తే, రాయిలో ఎన్ని రంగులు దాగి ఉంటాయో తెలుస్తుంది.

నల్లమల పేరులోనే నలుపు ఉంది కదా, అది గోడ మీద ఏదీ అని ఒక టీచరమ్మ అడిగారు. దగ్గరి కొండకు ముదురు పచ్చ, దాని వెనక కొండకు కొంచెం నీలం, ఆ వెనక దానికి ఇంకాస్త నీలం, తెలుపు వేశాం. నడుమ ఉన్న గాలి, తేమ దూరపు కొండను నీలంగా, పలచగా చూపిస్తాయి. నలుపు డబ్బా తెరవనే లేదు. అయినా మబ్బు పట్టిన రోజు గేటు దగ్గర నుంచి చూడండి, నడిమి కొండ నల్లగానే కనిపిస్తుంది.

సంఘానికి ఒక విన్నపం. ఏ రంగులో ఏది ఎంత కలిపామో పుస్తకంలో రాసి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను. కొన్నేళ్లకు రంగు వెలుస్తుంది. గోడ పైఅంచున పగుళ్లు వస్తే ముందు అవి పూడ్చండి, లోపలికి నీళ్లు దిగితే ఏ రంగూ నిలవదు. మళ్లీ పూయించేటప్పుడు పుస్తకం ఒక్కటే నమ్ముకోకుండా, పలకలు పట్టించి పిల్లలను అడవికి తీసుకుపోండి. అప్పటికి చెట్లు ఎన్ని మిగిలాయో, ఏ రంగు తగ్గిందో వాళ్లే చూసి చెప్పాలి.