నే నెఱిగిన పాత లారీలు



37 సంవత్సరములు బడిలో ఛందస్సును, వ్యాకరణమును చెప్పినవాడు లారీలను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. "వ్యాకరణము చదువవలసినవానికి కమానుకట్టలతో నేమి పని?" యని మా తండ్రిగారు నన్ను పలుమాఱు లడిగెడివారు. పదునాఱవ యేటినుండి యిరువదియవ యేటివఱకు నా మనస్సున లారీ తక్క వేఱొకటి లేదన్నను అతిశయోక్తి కాదు. ఆ వ్యామోహమును గూర్చియు, ఆ బండ్లను గూర్చియు, వానిని నడిపిన మనుష్యులను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

మా ఊరు కృష్ణాజిల్లాలో హనుమాన్ జంక్షనుకు సమీపమున, మదరాసు నుండి కలకత్తాకు పోవు రహదారి నానుకొని యున్నది. ఆ దారిని అప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి యనెడివారు. 2010లో దేశమందలి రహదారులకు క్రొత్త సంఖ్యలు పెట్టినప్పుడు అది 16వ నంబరైనది. వేసవిలో నూజివీడు తోటల మామిడిపండ్లును, తక్కిన కాలములలో ధాన్యమును, మిరపకాయలును, పొగాకును ఆ దారిని పోవుచుండెడివి. రాత్రివేళ అరుగుమీద దీపము పెట్టుకొని నేను శబ్దమంజరి వల్లించుచుండగా దూరమున బండి సవ్వడి వినబడెడిది. బండి కనబడకమునుపే యది బెంజియో లేలాండో చెప్పగలిగెడివాడను. పదమును విని విభక్తి చెప్పుటకంటె నిది నాకు సులభముగా నుండెడిది.

బెంజి యన్న మాటను కొంచెము వివరింపవలెను. టాటావారు 1945లో స్థాపించిన సంస్థ జంషెడ్‌పూరులో మొదట రైలుఇంజనులు చేసెడిది. 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి సంస్థతో నొడంబడిక చేసికొని లారీలు చేయ నారంభించిరి. బండి ముందరి జాలీమీద వలయములో మూడు కొమ్మల నక్షత్రము మెఱయుచుండెడిది. 1969లో ఒడంబడిక ముగిసినది. నక్షత్రము పోయి టాటావారి 'టి' యక్షరము వచ్చినది. బండి పెద్దగా మాఱలేదు. జనుల నోట పేరసలే మాఱలేదు. ఆ తరువాత నెన్నో యేండ్లు మా ప్రాంతమువారు టాటాబండిని బెంజి యనియే పిలిచిరి. అందులో 1210 అను బండి మిక్కిలిగా తిరిగెడిది. ఆ యంకెలలో నర్థమున్నది. మొదటి రెండంకెలు బండియు సరకును కలిసి 12 టన్నుల బరువనియు, తరువాతి రెండును పదుల లెక్కన 100 గుఱ్ఱముల శక్తి యనియు తెలుపును. ఇంతటి క్లుప్తతను పాణిని మెచ్చియుండునని నేను సహాధ్యాయులతో ననెడివాడను. వారు నవ్వెడివారు.

ఇక లేలాండు. 1948లో రఘునందన్ శరణ్ అను నాయన తన కుమారుని పేర అశోక్ మోటార్సు సంస్థను స్థాపించెను. దాని కార్ఖానా మదరాసు చెంత ఎన్నూరులో వెలసినది. 1955లో ఆంగ్లదేశపు లేలాండు సంస్థ భాగము తీసికొనగా అది అశోక్ లేలాండు ఐనది. వారి లారీకి కామెట్టు అని పేరు. తోకచుక్క యని యర్థము, సంస్కృతమున ధూమకేతువు. ధూమము కేతువుగా గలది, అనగా పొగయే టెక్కెముగా గలది యని విగ్రహము. నిండు బరువుతో కొండ యెక్కుచు నల్లని పొగ విడుచు కామెట్టును చూచినవాడెవడును ఆ పేరును కాదనడు. తరువాతి పెద్దబండ్లలో నొకదానికి హిప్పో, అనగా నీటియేనుగు, అని పేరు పెట్టిరి. బొంబాయి ప్రీమియరువారి డాడ్జి, ఫార్గో బండ్లును, కలకత్తా చెంతనుండి వచ్చిన బెడ్‌ఫర్డు బండ్లును అప్పటికే వయసు మళ్ళినవి.

నేటివారికి తెలియని సంగతి యొకటి చెప్పెదను. కార్ఖానానుండి వచ్చునది లారీ కాదు, లారీయొక్క అస్థిపంజరము. ఇంజను, ఛాసీ, చక్రములు, ముందరి రేకు మాత్రముండును. తలుపులు లేవు, కప్పు లేదు, కూర్చుండుటకు సరియైన పీట లేదు. కొయ్యపెట్టెమీద కూర్చుండి, ముఖమునకు తువ్వాలు చుట్టి, కండ్లద్దములు పెట్టుకొని, అట్టి ఛాసీలను వందల మైళ్ళు వరుసగా నడుపుకొని పోవువారిని మేము బడి మాని చూచెడివారము. పిదప విజయవాడ ఆటోనగరులో వడ్రంగులు దానికి కొయ్యతో గదియు, బాడీయు కట్టెడివారు. చిత్రకారుడు నెమళ్ళను, పద్మములను, యజమాని యిలవేలుపు పేరును వ్రాసెడివాడు. నా విద్య కక్కడ కొంత యుపయోగము కలిగినది. 'శ్రీ లక్ష్మినరశింహ' యని వ్రాయబోవు కుంచెను ఆపి, దీర్ఘమెక్కడనో, ఏ సకారమో చెప్పెడివాడను. నా చేత దిద్దబడిన లారీలు కలకత్తా వీధులలో తిరుగుచున్నవని నాకు గొప్పగా నుండెడిది.

మా ఊరిలో నొక డ్రైవరుండెడివాడు. ఆయనను పిల్లలమందఱము బాబాయి యని పిలిచెడివారము. ఆయనకు చదువు రాదు. దూరప్రయాణములలో నున్నప్పుడు ఎవరిచేతనో వ్రాయించి పంపిన యుత్తరములను ఆయన యింట చదివి వినిపించుటయు, జవాబులు వ్రాయుటయు నా పని. చెక్‌పోస్టులలో చూపవలసిన కాగితములను గూడ నేనే విడదీసి, రంగుదారములతో గుర్తులు కట్టి యిచ్చెడివాడను. 1975లో జాతీయ పర్మిట్టు విధానము వచ్చువఱకు ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పర్మిట్టు కావలసి యుండెడిది. ఆ కాగితములు చిన్న తాళపత్ర గ్రంథమంత యుండెడివి. ఇందుకు ప్రతిఫలముగా సెలవు దినములలో నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తీసికొనిపోయెడివాడు.

ఆయన చేతి పనితనము నేను సాలూరు కనుమలో చూచితిని. విజయనగరము నుండి రాయపూరు పోవు దారిలో నది యున్నది. నాటి చాల బండ్లలో గేరును త్రోసిన మాత్రమున పడదు. క్లచ్చి నొకసారి త్రొక్కి గేరును విడిపించి, క్లచ్చిని వదలి, యాక్సిలరేటరును తగినంత త్రొక్కి, ఇంజను వేగమును లోపలి పండ్లచక్రముల వేగముతో సరితూచి, మరల క్లచ్చి త్రొక్కి క్రింది గేరు వేయవలెను. ఇదంతయు ఱెప్పపాటులో జరుగవలెను. తప్పినచో పండ్లు గీచుకొని యఱచును. గేరు పడక బండి వెనుకకు జాఱును. అందుకే క్లీనరు కొయ్యదిమ్మ పట్టుకొని బండి ప్రక్కన నడచుచుండెడివాడు. బండి యాగిన క్షణమున దానిని వెనుకచక్రము క్రింద పెట్టవలెను. వేగమును కొలుచుటకు బాబాయికి ముల్లు అక్కఱలేదు. చెవియే ప్రమాణము. "చినపంతులుగారూ, బండి ఏడుస్తోంది, వినబడ్డదా? ఇంక కింది గేరు" అనెడివాడు. వ్యాకరణము చెప్పిన మా గురువుగారును స్వరము తప్పినచో గ్రంథము చూడకయే చేయి యెత్తి యాపెడివారు. ఇరువురును నాకు గురువులే యని నేనప్పుడే నిశ్చయించుకొంటిని. ఇంటిలో మాత్ర మనలేదు.

ఆ బండ్లే మంచివి, ఆ దినములే మంచివి యని నేననను. మండువేసవిలో ఇంజను వేడి పాదములను కాల్చెడిది. చేయూత లేని స్టీరింగును రాత్రియంతయు త్రిప్పినవారి భుజములు నలువదియేండ్లకే పట్టివేసెడివి. బిడ్డ పుట్టిన వార్త బాబాయికి మూడు వారములకు చేరినది. క్లీనరు కుఱ్ఱవాండ్ర బ్రతుకు మఱియు హీనము. జీతము స్వల్పము, నిద్ర బండి క్రింద. ఊరిలో వారికి గౌరవమును తక్కువ. త్రాగుబోతులనియు, తిరుగుబోతులనియు నందఱ నొకే గాటకట్టెడివారు. మా తండ్రిగారికిని ఆ యభిప్రాయమే యుండెడిది.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ. ఆనాడు సముద్రము దివిసీమను ముంచిన సంగతి మీలో పెద్దలు మఱచియుండరు. మృతుల సంఖ్య ప్రభుత్వపు లెక్కలోనే పదివేలకు చేరినది. కొన్ని దినములకు మా ఊరివారు బియ్యము, చింతపండు, పాతబట్టలు, కిరసనాయిలు ప్రోగుచేసిరి. లారీ యజమాని కిరాయి వలదనెను. బాబాయి బండి తీసెను. క్లీనరు జ్వరముతో పడియుండగా నేను వచ్చెదనంటిని. మా తండ్రిగారు నా వంక చూచిరి గాని, పొమ్మనలేదు, వలదనలేదు.

గుడివాడ, పామఱ్ఱు, కూచిపూడి దాటి చల్లపల్లి వైపు పోయితిమి. దారిపొడుగున చెట్లు పడియున్నవి. కొన్నిచోట్ల రోడ్డును నీరును ఒక్కటే. నేను దిగి కఱ్ఱతో లోతు చూచుచు ముందు నడచితిని. నా మోకాలికి నీరెంత వచ్చునో అంతకు తగినట్లు ఆయన బండి నడిపెను. లోతుచోటు రాగానే బండి నాపి ఫ్యాను బెల్టు తీసివేసెను. తిరుగుచున్న ఫ్యాను నీటిని చిమ్మును; రెక్కలు వంగినచో రేడియేటరును కోయును. నీట దిగకమునుపే మొదటి గేరు వేసెను. నడుమ గేరు మార్చరాదు, యాక్సిలరేటరు వదలరాదు. వదలినచో పొగగొట్టమునుండి నీరు లోని కెగబ్రాకును. పెట్రోలు బండి యైనచో నిప్పురవ్వ పుట్టించు తీగెలు తడిసి యాగిపోవును. డీజిలుబండికి ఆ తీగెలు లేవు. గాలి పీల్చుచోటికి నీరు చేరకుండినచో చాలును. ఇదంతయు ఆయన ఏ గ్రంథమునను చదువలేదు.

అక్కడ చూచినదానిని వర్ణింపజాలను. వర్ణన మెట్లుండవలెనో పిల్లలకు నేర్పినవాడనే, అయినను చేతకాదు. బియ్యము దించిన పిదప అధికారులు వచ్చి ఖాళీబండిలో మృతులను చేరవేయవలెనని వేడిరి. బాబాయి నాతో, "మీరు లోపల కూచోండి, వెనక్కి చూడకండి" అనెను. ఆయనయే దిగి మోసెను. మఱునాడు పసుపునీళ్ళతో బాడీని రెండుమాఱులు కడిగెను. ఆ వారమున మఱి మూడుసార్లు పోయివచ్చెను.

నన్ను దింపుటకు వచ్చి ఆయన యెప్పటివలె వీధిలోనే నిలుచుండెను. మా తండ్రిగారు చెంబుతో నీళ్ళు తెచ్చి తామే చేతిలో పోసిరి. "అరుగుమీద కూర్చోవయ్యా, భోజనము చేసి వెళ్ళు" అనిరి. బాబాయి అదివఱ కెన్నడును మా అరుగుమీద కూర్చుండలేదు. ఆనాడు కూర్చుండెను. ఇరువురును ఏమియు మాటాడలేదు. తరువాత కమానుకట్టల ప్రశ్నను మా తండ్రిగారు మరల నడుగలేదు.

అప్పుడు నాకు ధైర్యము వచ్చి, చదువు మాని మీతో వచ్చెదనని బాబాయిని బ్రతిమాలితిని. ఆయన యొప్పుకొనలేదు. "పని నేర్పుతాను గాని తీసుకుపోను. మీరూ బండెక్కితే మా ఇళ్ళల్లో ఉత్తరాలు ఎవరు చదువుతారు?" అనెను. నేను పండిత పరీక్షకు పోయితిని.

బాబాయి స్వర్గస్థుడై చాలకాలమైనది. 1210 బండ్లు రోడ్లమీద నుండి దాదాపు తొలగిపోయినవి. విజయవాడ వెళ్ళినప్పుడు ఆటోనగరులో తుక్కుకుప్పల నడుమ వాని ముందరి రేకులు కొన్ని చూచితిని. ఆయన మనుమడు పదునాలుగు చక్రముల బండి నడుపుచు కైకలూరు చేపలను హౌరాకు తీసికొనిపోవుచుండును. స్టీరింగు వ్రేలితో తిరుగును; గేర్లు వెన్నలో కత్తివలె పడును. 2025 నుండి క్రొత్త పెద్దలారీలకు చల్లనిగాలి గది యుండవలెనని నిబంధన గూడ వచ్చినది. నాకది మిక్కిలి సంతోషము. మొన్న నొకనాడు ఆ యబ్బాయి బరంపురము దగ్గఱ బండి నాపి నాకు ఫోను చేసెను. "మాస్టారూ, తాతయ్య క్లచ్చి రెండుసార్లు తొక్కేవాడంట గదా, ఎందుకండీ?" యని యడిగెను. ఏనాడును లారీ నడుపని నేను, సాలూరు కనుమలో విన్నదంతయు వరుసగా చెప్పితిని. అతడు మధ్యమధ్య 'ఊ' కొట్టుచు వినెను. వెనుక నింకొక బండి హారను మ్రోగుచున్నను, ఇంజను ఏడ్చుట యనగా నెట్లుండునో మఱియొకమాఱు చెప్పుమనెను.