ఎన్నికల గెలుపు – అధికారపు హద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పూర్వము చెరువు కట్టించినవారు కట్టతో పాటు తూమును, మరవను గూడ కట్టించిరి. బుక్కరాయసముద్రపు చెరువును చూచినను, ధర్మవరపు చెరువును చూచినను ఈ మూడును కన్పట్టును. కట్ట నీటిని నిలుపును. తూము ఆ నీటిని పొలమునకు పంపును. నీరు మితిమీరినపుడు మరవ దానిని వెలుపలికి తీసి కట్టను కాపాడును. మరవ లేని చెరువు మంచి వాన కురిసిన ఏటనే తెగును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము వెళ్ళబుచ్చు ఈ మెట్టసీమలో, చెరువు తెగుట యనగా నేమో ఎవరికిని చెప్పనక్కరలేదు.

ప్రభుత్వాధికారము గూడ ఇట్టిదే. ప్రజల ఓట్లతో అది నిండును. నిండిన అధికారము ప్రజల మేలునకు పారవలెను. కాని అది పొంగి పొరలునపుడు దానిని హద్దులో నిలుపు మరవ యేది? ఎన్నికలలో గెలిచినవాడు ఏమైనను చేయవచ్చునా? ఈనాటి ప్రసంగమునకు ఇదియే విషయము.

కరవు సీమలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. వాన తప్పిన ఏట కూలివానికి కరవు పని, పశువులకు గడ్డి, రైతునకు విత్తన వేరుసెనగ, బావికి అప్పు, ఇంటికి చౌకధర బియ్యము – ఇవి యన్నియు సర్కారు చేతి మీదుగా రావలసినవే. ఇచ్చు చేయి ఎంత పెద్దదో, పుచ్చుకొనువాని భయమును అంత పెద్దది. “మొన్న నీవు ఎవరి పక్షమున నిలిచితివి?” అను ప్రశ్న ఆ చేతి వెనుక దాగియున్నచో, అన్నము పెట్టు ప్రభుత్వమే కక్ష తీర్చుకొను ప్రభుత్వముగా మారును. కక్షల వలన ఈ సీమ పడిన బాధలు తెలిసినవారికి దీనిని విప్పి చెప్పవలసిన పని లేదు.

ఈ ప్రశ్నకు సమాధానము దూరదేశములలో వెదకుటకు ముందు ఇంటి దగ్గర వెదకవచ్చును. అనంతపురము జిల్లా ఇల్లూరులో 1913లో జన్మించి, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్ర ప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రియైన నీలం సంజీవరెడ్డిగారి రాజకీయ చరిత్ర ఎన్నికల గెలుపునకు, అధికారపు హద్దునకు గల సంబంధమును తేటగా చూపును. అనంతపురపు ఓటర్లు ఆయనను 1952 ఎన్నికలలో ఓడించి, ఆయన దగ్గరి బంధువును కమ్యూనిస్టు నాయకుడును అయిన తరిమెల నాగిరెడ్డిగారిని గెలిపించిరి. అది ఓటు అను మరవ. ఆ తరువాత పన్నెండేండ్లకు మరియొక మరవ ఆయనకు ఎదురయ్యెను. అది న్యాయస్థానము. కారణము బస్సులు.

ఆ కాలమున బస్సులు చాలవరకు ప్రైవేటు యజమానులవి. వాటిని ప్రభుత్వమే నడుపవలెనన్న విధానము దేశమంతట సాగుచుండెను. దానికి తగిన కారణములు లేకపోలేదు. లాభము లేని దారిలో ప్రైవేటు బస్సు తిరుగదు; మారుమూల పల్లె ఎప్పటికిని నడకనే నమ్ముకొనవలసి వచ్చును. అందువలన 1956లో కేంద్ర శాసనసభ మోటారు వాహనముల చట్టమునకు ఒక క్రొత్త అధ్యాయమును చేర్చెను. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. చట్టము చెప్పిన పద్ధతి ఇది: ప్రజలకు చాలినంత, పొదుపైన, చక్కగా అమరిన బస్సు వసతి కలుగునని రవాణా సంస్థకే తోచినపుడు అది పథకమును ప్రకటింపవలెను. నష్టపోవువారు ఆక్షేపణలు తెలుపుకొనవలెను. ప్రభుత్వము వాటిని విని, పిమ్మట పథకమును ఆమోదించుటయో, మార్చుటయో చేయవలెను.

మొదటి వివాదము కృష్ణా జిల్లాలో వచ్చెను. అక్కడి బస్సు యజమానుల ఆక్షేపణలను శాఖ కార్యదర్శి వినగా, తీర్పు మాత్రము ముఖ్యమంత్రి చెప్పిరి. ఒకరు విని వేరొకరు తీర్పు చెప్పుట వినుటయే కాదని సుప్రీంకోర్టు 1958లో ఆ ఉత్తరువును కొట్టివేసెను. అధికసంఖ్యాకుల పక్షమున ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారగు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. పిమ్మట ముఖ్యమంత్రి స్వయముగా ఆక్షేపణలు వినిరి. యజమానులు మరల కోర్టునకు పోయి, మంత్రి పక్షపాతియని వాదించిరి. ఈసారి కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. అనగా ప్రభుత్వము బస్సులు నడుపరాదని కోర్టు ఎన్నడును అనలేదు. నడుపదలచినచో దారి తప్పక నడువుమని మాత్రమే యనెను.

రెండవ వివాదము కర్నూలు జిల్లాది. ఇది మరింత తీవ్రమైనది. సంజీవరెడ్డిగారు 1962 ఎన్నికలలో ఆ జిల్లాలోని డోను నుండి గెలిచి, మార్చిలో మరల ముఖ్యమంత్రియైరి. కొలది కాలమునకే కర్నూలు జిల్లా పడమటి భాగపు బస్సు దారులను జాతీయము చేయు పథకములు వెలువడెను. ఏ జిల్లా తరువాత ఏ జిల్లా తీసుకొనవలెనో అంతకు మున్ను ఒక సంఘము వరుస చెప్పియుండెను. ఆ వరుసను విడిచి ఈ దారులనే ఎందుకు పట్టుకొనిరని బస్సు యజమానులు అడిగిరి. ఎన్నికలలో తమకు ఎదురు పనిచేసినవారిని దెబ్బ తీయుటకే ముఖ్యమంత్రి ఇట్లు చేయించిరని వారు ప్రమాణపత్రములలో ఆరోపించిరి. హైకోర్టులో వారికి జయము కలుగలేదు. వారు సుప్రీంకోర్టునకు పోయిరి.

1964 జనవరిలో ఆ తీర్పు వచ్చెను; దానిని వ్రాసినవారు జస్టిస్ రాజగోపాల అయ్యంగారుగారు. అందలి ప్రధానాంశము పల్లెవానికి గూడ తెలియునట్టిది. ఒక మనిషి మీద అతని మనస్సునకు సంబంధించిన నింద మోపబడినపుడు దానికి బదులు చెప్పవలసినవాడు ఆ మనిషియే. సంస్థ తరఫున ప్రమాణపత్రములు దాఖలయ్యెను గాని, ముఖ్యమంత్రి స్వయముగా ఆరోపణలను కాదనుచు ప్రమాణపత్రము దాఖలు చేయలేదు. కనుక ఆరోపణలు ఖండింపబడక నిలిచినవని కోర్టు భావించెను. పథకమును ఆలోచింపవలసిన సంస్థ తన బుద్ధితో గాక ముఖ్యమంత్రి కోరిక మేరకు, చట్టమునకు సంబంధము లేని కారణమున నడచినదని తీర్మానించి పథకములను రద్దు చేసెను.

ఆ మరుసటి నెలలో సంజీవరెడ్డిగారు రాజీనామా చేసిరి. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. రాజీనామా చేయుమని తీర్పు చెప్పలేదు. శాసనసభలో ఆయన పక్షమునకు బలము తగ్గలేదు. ఉన్నత న్యాయస్థానము తమ ప్రభుత్వమును తప్పుపట్టిన పిమ్మట ఆ పీఠముపై కూర్చుండుట తగదని ఆయన తలచిరి. తప్పును తప్పనవలసినదే; పీఠమును విడుచుటను గూడ గౌరవింపవలసినదే. రెండును ఒకే చరిత్రలోనివి.

ఇట్టి కథ ఒక్క ఆంధ్రదేశమునదే కాదు. అమెరికాలో రూజ్వెల్టు అధ్యక్షుడు 1932లో గెలిచినపుడు ఆ దేశము గొప్ప ఆర్థిక మాంద్యములో మునిగియుండెను. ధరలను, కూలిని, వ్యాపారమును చక్కదిద్దుటకు ఆయన ప్రభుత్వము గొప్ప చట్టమొకటి తెచ్చెను. బ్రూక్లిను పట్టణమున కోళ్ళ వ్యాపారము చేయు సోదరులు దానిని ఎదిరించిరి. 1935లో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరును ఏకకంఠముగా ఆ చట్టము చెల్లదనిరి. మరుసటి యేడు జరిగిన ఎన్నికలలో రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. అంతటి గెలుపు చేతనుండగా, 1937లో ఆయన న్యాయమూర్తుల సంఖ్యను 9 నుండి 15 వరకు పెంచుకొనుటకు వీలగు చట్టమును ప్రతిపాదించెను. దానిని ఆపినదెవరు? ఎదుటి పక్షము కాదు. దాని బలము అప్పటికి స్వల్పము. ఆయన సొంత పక్షమువారే సెనేటులో దానిని మూలబెట్టిరి. నాయకుని ప్రేమించిననూ అతనికి హద్దు ఉండవలెనని వారు తలచిరి.

ఆ తరువాత 1952లో, కొరియా యుద్ధకాలమున, ఉక్కు కార్మికుల సమ్మె రానున్నదని ట్రూమను అధ్యక్షుడు కర్మాగారములను ప్రభుత్వాధీనము చేసెను. నాటి న్యాయమూర్తులు తొమ్మండుగురును రూజ్వెల్టో, ట్రూమనో నియమించినవారే. ఐనను ఆరుగురు, శాసనసభ చట్టము లేక అధ్యక్షునికి ఆ అధికారము లేదనిరి. ట్రూమను కర్మాగారములను వెంటనే తిరిగి ఇచ్చివేసెను. అంతకు ముందటి యేడే, ఎవరును రెండు పర్యాయములకు మించి అధ్యక్షుడుగా ఎన్నిక కారాదని ఆ దేశ రాజ్యాంగమునకు సవరణ చేరియుండెను. నాలుగు మారులు గెలిచిన రూజ్వెల్టును చూచిన పిమ్మట వారు కట్టుకొన్న మరవ అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ గలదు, దానిని దాటిపోరాదు. కోర్టునకు పోగలవాడు బస్సు యజమానియే గాని బస్సెక్కువాడు కాడు. న్యాయస్థానములు ధనవంతుని ఆస్తికి కోటగా నిలిచి, పేదవానికి మేలు చేయదలచిన ప్రభుత్వము చేతులు కట్టివేయవా? ఈ మాటలో నిజము లేకపోలేదు. 1969 జూలైలో ఇందిరాగాంధి ప్రభుత్వము 14 బ్యాంకులను జాతీయము చేయగా, 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. ఐనను బ్యాంకులు ప్రైవేటు యజమానులకు తిరిగి పోలేదు. కోర్టు చూపిన లోపములను దిద్ది ప్రభుత్వము మరల చట్టము చేసెను. మరవ నీటిని ఎండగట్టదు. కట్టను తెగనీయదు, అంతే. మంచి పనియైనచో దానిని సరియైన పద్ధతిలో చేయుటకు కొంత ఆలస్యమగును. ఆ ఆలస్యమే కక్షతో చేసిన పనిని బయటపెట్టును.

పేదవానికి సయితము ఈ హద్దు కావలెను. బస్సు యజమానికి వకీలు దొరకును. కరవు పని పట్టికలో పేరు కొట్టివేయబడిన కూలివానికి వకీలు దొరకడు. అధికారి కారణము చెప్పక ఏమియు చేయరాదు, ఆక్షేపణను వినక తీర్పు చెప్పరాదు, చట్టము చెప్పని ఉద్దేశముతో చట్టమును వాడరాదు – ఈ మూడు సూత్రములు అక్కరకు వచ్చునది అందరికంటె ఎక్కువగా ఆ కూలివానికే.

సంజీవరెడ్డిగారి కథ 1964తో ముగియలేదు. 1969లో ఆయన రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కింపగా వి.వి. గిరిగారు గెలిచిరి; సంజీవరెడ్డిగారు అనంతపురమునకు వచ్చి సేద్యము చేసుకొనిరి. అత్యవసర పరిస్థితి కాలమున ప్రభుత్వాధికారము హద్దు దాటిన తీరును దేశమంతయు చూచెను. 1977 ఎన్నికలలో ఆంధ్ర ప్రదేశమున జనతాపక్షము తరఫున లోక్‌సభకు గెలిచినవారు నంద్యాల నుండి ఆయన ఒక్కరే. ఆ యేటి జూలైలో పోటీ లేకయే రాష్ట్రపతియైరి. ఓడి, గెలిచి, తీర్పునకు తల వంచి, మరల ఓడి, తుదకు దేశ ప్రథమ పౌరుడైన ఈ జీవితములో ఒక సత్యము దాగియున్నది. హద్దునకు లోబడినవాడు నశింపడు. ప్రజలు వానికి మరల తలుపు తీయుదురు.

గెలుపు పని చేయుటకు ఇచ్చిన సెలవు; పగ తీర్చుకొనుటకు ఇచ్చిన సెలవు కాదు. ఢిల్లీలో గాని, వాషింగ్టనులో గాని, ఈ గ్రామ పంచాయతీలో గాని సూత్రమొక్కటే. సర్పంచి పదవికి గెలిచినవాడు ఓడినవాని వీధికి గూడ కొళాయి వేయించినపుడే ప్రజాస్వామ్యము ఊరిలో కాలు మోపినట్లు.

కోర్టు ఊరికి దూరము. ఎన్నికలు ఐదేండ్లకు ఒకసారి. ఈ నడుమ దినమున అధికారమును హద్దులో ఉంచునది ప్రజల తెలివియే. ఉత్తరువు ఏమి చెప్పుచున్నదో చదువగలవానిని ఎవరును సులభముగా మోసగింపజాలరు. ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లమీద, ఏ పక్షమువాడు వచ్చినను ఒకే పత్రిక తెరచి ఉండెను. ఓడినవాడును గెలిచినవాడును ఒకే దీపము క్రింద కూర్చుండి చదివిన ఈ గది ఊరికి చిన్న మరవ వంటిది. దీనిని కాపాడుకొనుట ఊరి కట్టను కాపాడుకొనుటయే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును గూడ జరుపుకొనుగాక!