చక్రముల కుర్చీకి తగిన మెత్త
(పంచాయతీ సభ్యుల సమావేశమునకై వ్రాసిన ప్రసంగపాఠము)

సర్పంచులారా, పంచాయతీ సభ్యులారా,

తాటిచెట్టుపైనుండి జారిపడి వెన్నెముక విరిగిన గీతకార్మికులు మన పల్లెలలో ఉన్నారు. అట్టివారికి చక్రముల కుర్చీ ఇప్పించుటకు మీరు ఎంతయో శ్రమపడుదురు. కుర్చీ వచ్చిన దినమున సభ జరుగును, పూలదండలు పడును. దానిపై ఏ మెత్త వేసినారని అడుగువారు మాత్రము అరుదు. ఆ మెత్తను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మనము కూర్చున్నపుడు దేహభారములో అధికభాగము పిరుదుల అడుగున నున్న రెండు ఎముకల మొనలపై పడును. అచ్చట రక్తప్రసారము తగ్గును. నొప్పి తోచగనే మనము తెలియకయే అటునిటు కదలుదుము. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ పోయినవారికి ఆ నొప్పి తెలియదు. చర్మము, దాని క్రింది కండ చచ్చి పుండగును. అది ఎముకదాక పోయి, చీముపట్టి, రక్తమునకు విషమెక్కి ప్రాణమునే తీయవచ్చును. కావున ఇట్టివారిని “మెత్తగా నున్నదా?” అని అడిగి మెత్త కొనుట వ్యర్థము. చేతితో చూచి తెలిసికొనవలెను.

చూచు విధానమిది. కూర్చున్నవారి అనుమతితో ఇంటివారొకరు అరచేయి పైకుండునట్లు వ్రేళ్లను మెత్తకును ఎముకమొనకును నడుమ జొనుపవలెను. వ్రేళ్ల కొనలు అర సెంటీమీటరు మేర పైకి క్రిందికి కదలినచో మేలు. కదలకున్నను చేయి సులువుగా వెలికి వచ్చినచో జాగ్రత్త అవసరము. వ్రేళ్లు నలిగి చిక్కుకొనినచో ఆ మెత్త పనికిరాదు. రెండు ప్రక్కలను చూడవలెను.

ఫోము మెత్త తేలిక, వెల తక్కువ; కాని నాళ్లు గడచిన కొలది అణగిపోవును. అపుడు మార్చవలసినదే. జెల్ మెత్త బరువు. ఎండలో విడిచినచో కాగి, స్పర్శలేని చర్మమును కాల్చును. గాలి మెత్త ఒత్తిడిని చక్కగా పంచును గాని దినదినము గాలి చూడవలెను. గాలి తగ్గినను చేటే, మించినను చేటే. తుమ్మముల్లు దిగినచో ఇక చెప్పనక్కరలేదు. గాలి చూచువారు ఇంట లేనిచో మంచి ఫోము మెత్తయే మేలని నా అభిప్రాయము. నడుమ రంధ్రముగల చుట్టమెత్తను మాత్రము కొనవలదు. అది చుట్టునున్న చర్మమును నొక్కి రక్తమును అడ్డగించును. బూరుగుదూది దిండు ఉండలు కట్టును.

మాయునని మెత్తపై ప్లాస్టికు పట్టాయో, మడతదుప్పటియో పరచు అలవాటొకటి కలదు. దానితో మెత్త గుణమంతయు పోవును. సాగునట్టిది, గాలి ఆడునట్టిది అయిన తొడుగు చాలును. మెత్త మందమును బట్టి పాదముల పీటను సవరింపుడు: మోకాళ్లు పైకి లేచినచో భారమంతయు మరల ఆ ఎముకలపైననే పడును.

ఎంత మంచి మెత్తయైనను, పదునైదు మొదలు ముప్పది నిమిషములకొకసారి ముందునకో ప్రక్కకో వంగి భారము మార్చుట తప్పదు.

ఉపకరణములకై కేంద్రప్రభుత్వ సహాయ పథకము 1981 నుండి కలదు. కుర్చీకి దరఖాస్తు వ్రాయునపుడే తగిన మెత్తను కూడ కోరుడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అభివృద్ధి పథకములలో వారికి 5 శాతము ప్రత్యేకించినది. మీ తీర్మానమున దానిని ఉదహరింపుడు.

పిరుదులను ప్రతిదినము అద్దముతో చూచుకొనుమని ఆశా కార్యకర్తచే చెప్పింపుడు. నల్లని మేనిపై ఎరుపు కానరాకపోవచ్చును. వెచ్చదనము, గట్టిదనము చేతికి తెలియును. భారము తీసిన అరగంటకును ఆ మచ్చ పోనిచో కుర్చీ మాని, ప్రక్కకు ఒత్తిగిలి పడుకొనబెట్టి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి ఆ దినముననే చూపింపవలెను.