బిడ్డ చెప్పుకునే చోటు



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని మనం సీరియల్ ముందు కూర్చుంటాం. అందులో అత్తాకోడళ్ల కథ మనకి కంఠతా వచ్చు. అదే ఇంట్లో పక్క గదిలో మన పదో తరగతి పిల్లలు ఫోనులో ఏం చూస్తున్నారో మాత్రం తెలీదు. వాళ్లు చూసేవాటిలో ఒకదాన్ని గురించి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

దాని పేరు 'హార్ట్‌స్టాపర్'. ఇంగ్లండు కథ. ఆలిస్ ఓస్‌మన్ దీన్ని 2016లో ఇంటర్నెట్టులో బొమ్మల కథగా మొదలుపెట్టారు. 2022 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో 8 భాగాల సీరియల్‌గా వచ్చింది. చార్లీ, నిక్ అని ఒకే బడిలో చదివే ఇద్దరు మగపిల్లలు. చార్లీ 'గే' అని, అంటే అతని మనసు మగపిల్లల మీదికే పోతుందని, బడంతా తెలిసిపోయి తోటివాళ్లు ఏడిపిస్తారు. భోజనం గంటలో బొమ్మల మాస్టారి గదిలో తలదాచుకుంటాడు. ప్రతి చిన్నదానికీ "సారీ" అంటుంటాడు. తన తప్పేమీ లేకపోయినా!

మన సినిమాల్లో ఇలాంటివాళ్లని ఎలా చూపించారో గుర్తుందా? ఒళ్లు తిప్పుకుంటూ నడిచే ఒక మనిషి, హాలంతా నవ్వు. అంతే. ఆ నవ్వుల మధ్య కూర్చున్న ఒక పిల్లాడికి ఎలా ఉండి ఉంటుందో మనం ఆలోచించామా? ఈ సీరియల్లో పిల్లలు మన పిల్లల్లాగే ఉంటారు. పరీక్షలు, ఆటలు, అలకలు అన్నీ ఉంటాయి. కష్టాన్నీ దాచలేదు. తర్వాతి భాగాల్లో చార్లీ అన్నం మానేస్తాడు, తనని తాను గాయపరుచుకుంటాడు. ప్రేమ ఒక్కటే చాలదు, వైద్యం కూడా కావాలని చూపించారు.

"ఇవన్నీ చూస్తే మన పిల్లలు చెడిపోరూ?" అని మీరడగొచ్చు. టీవీ చూసి ఎవరి మనసూ అలా మారిపోదమ్మా. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల పట్టికలోంచి తీసేసింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అలాంటి పెళ్లికి చట్టంలో చోటివ్వడానికి మాత్రం 2023లో అదే కోర్టు ఒప్పుకోలేదు. ఆ పిటిషన్ వేసినవారిలో మన హైదరాబాదులోనే ఉంటున్న సుప్రియో, అభయ్ కూడా ఉన్నారు. ఇదేదో దూరదేశం సంగతనుకోవద్దని చెప్పడానికే ఈ మాట.

మా శాలిబండ, లాల్‌దర్వాజా గల్లీల్లో ఈ ఇంట్లో పోపు వేస్తే ఆ ఇంట్లో తుమ్ముతారు. అందుకే మనకి బిడ్డకంటే ముందు గల్లీ గుర్తొస్తుంది. "నలుగురూ ఏమంటారు?" అనేస్తాం. ఆ నలుగురూ మన బిడ్డకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంటారా? చెప్పండి!

మొదటి 8 భాగాల చివర్లో నిక్ తన తల్లికి సంగతి చెబుతాడు. ఆవిడ గుండెలు బాదుకోదు. నాతో చెప్పుకోలేననిపించేలా నేనెప్పుడైనా ప్రవర్తించి ఉంటే క్షమించమంటుంది. బిడ్డని దగ్గరికి తీసుకుంటుంది. నాకు బాగా నచ్చింది అదే.

ఏ బిడ్డ మనసులో ఏముందో మనకి తెలీదు. కాబట్టి ఎవరినైనా వెక్కిరించే మాట మన ఇంట్లో వినిపించకుండా చూసుకుందాం. ఎప్పుడైనా బిడ్డ వచ్చి నోరు విప్పితే పెళ్లి చేస్తే సర్దుకుంటుందని గానీ, తాయెత్తు కట్టిస్తానని గానీ అనొద్దు. "చెప్పు బిడ్డా, వింటున్న" అంటే చాలు. పిల్లలు తిండి మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా వెంటనే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వంవారి టెలీ మానస్ 14416 నంబరుకి రాత్రైనా పగలైనా ఫోను చేయొచ్చు.

ఉంటాను, సెలవు.