నడుము పట్టేసింది... పరుగు మానెయ్యాలా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బ్యాచ్‌ల వాళ్ళలో చాలామందికి యాభై దాటింది. ఈమధ్య విశాఖ బీచ్ రోడ్డు మీదా, హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తేవాళ్ళు మనలోనూ పెరిగారు. సంతోషం. అయితే ఒకరోజు నడుము పట్టేస్తుంది. స్కానింగ్ తీయిస్తే రిపోర్టులో 'డిస్కు ఉబ్బింది' అని వస్తుంది. 'ఇక పరుగు మానెయ్' అని పదిమందీ చెబుతారు. నాలుగేళ్ళ క్రితం నా సంగతీ ఇంతే. నొప్పి ఎడమ పిక్క దాకా లాగేది. ఇప్పుడు మళ్ళీ పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. నేను డాక్టర్ని కాను, ఇంజనీర్ని. అందుకని భారాల భాషలో నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, రిపోర్టు చూసి బెంబేలు పడొద్దు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. యాభై ఏళ్ళవారిలో సుమారు 80 శాతం మందికి డిస్కు అరుగుదల, 60 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. తల నెరిసినట్టే ఇదీ. కానీ కాలు బలహీనపడుతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మల మూత్రాల మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఆలస్యం పనికిరాదు.

రెండోది, మంచానికి అతుక్కుపోవద్దు. 1986లో అమెరికాలో నడుము నొప్పితో వచ్చిన 203 మందిలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. రెండు రోజులవాళ్ళు పనికి నాగా పెట్టిన రోజులు 45 శాతం తక్కువ. కోలుకోవడంలో మాత్రం తేడా లేదు. పెద్దవాళ్ళ డిస్కు లోపలికి రక్తనాళాలు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరే ద్రవమే దానికి ఆహారం. కదలిక దానికి మేలు.

మూడోది, కండరాల సంగతి. కరెంటు స్తంభాన్ని చూడండి. దాన్ని నిటారుగా నిలిపేది స్టే వైర్లు. నడుములోని ఐదు వెన్నుపూసలకి పొట్ట, పక్కలు, వీపు కండరాలే స్టే వైర్లు. పరుగులో ప్రతి అడుగుకీ నేల మన బరువుకి రెండు మూడు రెట్ల బలంతో తిరిగి నెడుతుంది. వైర్లు వదులైతే ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ఇందుకు మూడు వ్యాయామాలు సూచించారు. వెల్లకిలా పడుకొని, ఒక మోకాలు మడిచి, అరచేతులు నడుము కింద పెట్టుకొని తల, భుజాలు కొద్దిగా మాత్రమే ఎత్తడం ఒకటి. పక్కకి తిరిగి మోచేతి మీద ఆని తుంటి పైకెత్తడం రెండోది. చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఒక చెయ్యీ, దానికి ఎదురు కాలూ చాపడం మూడోది. ఒక్కొక్కటీ పది సెకన్లకి మించి పట్టి ఉంచక్కర్లేదు. రోజూ చెయ్యడమే ముఖ్యం.

నాలుగోది, పరుగుకి తిరిగి వచ్చే దారి. అరగంట నొప్పి లేకుండా నడవగలిగాకే నేను పరుగు మొదలుపెట్టాను. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. మర్నాడు ఉదయం నొప్పి పెరగకపోతేనే తరువాతి మెట్టు. పిక్కలోని నొప్పి పైకి, నడుము వైపు తగ్గుతూ వస్తే మంచి గుర్తు. కిందికి జారితే ఆగి చూపించుకోవాలి.

ఇక రాకుండా చూసుకోవడం. గంట పరుగెత్తి పది గంటలు కుర్చీలో కూర్చుంటే నడుము ఒప్పుకోదు. అరగంటకోసారి లేవండి. రాత్రి డిస్కులు నీరు పీల్చి బిగుసుకుంటాయి కనుక, లేచిన మొదటి గంటలో ముందుకి బాగా వంగే పనులు పెట్టుకోవద్దు. పరుగులో అంగలు చాపకుండా చిన్న అడుగులు వెయ్యండి.

ఇనుప దూలం మీద భారం పదే పదే పడితే అది అలసిపోతుంది. ప్రాణమున్న ఎముక, కండరం అలా కాదు. తగినంత భారం, తగినంత విశ్రాంతి ఇస్తే అవి గట్టిపడతాయి. కాబట్టి మానెయ్యొద్దు, మోతాదు చూసుకోండి.

రేపు ఉదయం ఆరింటికి మన స్కూలు గ్రౌండులో కలుద్దాం. పరుగెత్తలేనివాళ్ళు నడవడానికి రండి. రిపోర్టులు మాత్రం తేవద్దు!

సెలవు.