తెడ్డుపడవ - మరపడవ

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. ఉగాది పచ్చడి అందరికీ అందినది. పిల్లల పాటలు మొదలయ్యేలోగా పావుగంటసేపు ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. "ఏదైనా" అన్నారు గనుక నాకు తెలిసినదే మాట్లాడుతాను. నేను పండితుడను కాను, కవిని అంతకన్నా కాను. రంభలో పుట్టి, చిల్కా నీళ్లలో ఈత నేర్చి, ఉద్యోగరీత్యా బరంపురం చేరినవాడను. నాకు తెలిసినది పడవ. కనుక నేడు పడవల మాట చెబుతాను. పండుగనాడు ఇదేమి మాట అని మీలో కొందరికి తోచవచ్చును. చివరిదాకా వినండి. ఇది పడవవాళ్ల సంగతి మాత్రమే కాదు, మన సంగతి కూడానని మీరే ఒప్పుకొంటారు.

చిల్కా పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల నడుమ పరచుకొన్న ఉప్పునీటి సరస్సు. వానకాలంలో దాని విస్తీర్ణం సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలంలో తొమ్మిదివందల పైచిలుకు. ఇంత విశాలమైనదైనా లోతు తక్కువ. చాలాచోట్ల గడవేసి పడవను నెట్టుకొని పోవచ్చును. రాంసార్ ఒడంబడిక క్రింద మన దేశంలో మొట్టమొదట, 1981లో, గుర్తింపు పొందిన జలభూములలో ఇది ఒకటి. తరువాత సముద్రపు మొగ పూడుకొని, నీటిలో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి సరస్సు క్షీణించినది. 2000 సంవత్సరంలో కొత్త మొగ త్రవ్వించిన పిమ్మట మళ్లీ తేరుకొన్నది. చేపలు పెరిగినవి. వాటి వెంట యాత్రికులు పెరిగినారు. యాత్రికుల వెంట మరపడవలు పెరిగినవి.

నా చిన్ననాడు మా చిన్నాన్నగారి నావకు ఇంజను లేదు. లోతులేని చోట గడ, లోతున్న చోట తెడ్డు, గాలి కలిసివచ్చిన నాడు తెరచాప. ఎదురుగా మరొక నావ వస్తే పేరుపెట్టి పలకరించుకొని, కుశలప్రశ్నలు వేసుకొని ఎవరి దారిన వారు పోయేవారు. ఇద్దరి వేగమూ ఒకటే గనుక దారి ఎవరిదనే పేచీ ఎన్నడూ రాలేదు.

ఇంజనులు రావడం తప్పు అని నేను అనను. పురిటినొప్పులు పడుతున్న ఆడకూతురును దీవి నుండి గట్టుకు చేర్చేది మరపడవే. పట్టిన చేప పాడవకముందే బజారుకు చేర్చేదీ అదే. తెడ్డువేసి చేతులు కాయలు కాచినవాడికి ఇంజను విలువ మనకంటె బాగా తెలుసును. నా తగవు ఇంజనుతో కాదు. ఇంజను చేతికి వచ్చిన తరువాత తెడ్డు పట్టినవాడు కంటికి కనబడకపోవడంతోనే.

కొన్ని యేండ్ల క్రిందట సంక్రాంతి మరునాడు జరిగిన ముచ్చట చెబుతాను. చిన్నాన్నగారు, నేను, ఏడేండ్ల మా మనుమడు కలిసి రంభ రేవు నుండి దగ్గర దీవికి బయలుదేరినాము. పిల్లవాడు ముందు, నేను నడుమ, చిన్నాన్నగారు వెనుక తెడ్డుతో. గాలి లేదు, నీరు అద్దంలాగ ఉన్నది. ఇంతలో యాత్రికులతో నిండిన ఫైబరు మరపడవ ఒకటి వెనుకనుండి జోరుగా వచ్చినది. సరిగా మా ప్రక్కకు వచ్చేసరికి దాని రొద ఒక్కసారిగా తగ్గినది. పోనీలే, నిదానించినాడు, మంచివాడే అనుకొన్నాను. అనుకొన్నంతసేపు పట్టలేదు. మోకాలెత్తు అల లేచి మా నావను ప్రక్కనుంచి కొట్టినది. నావ ఒరిగినది, సగానికి నీళ్లు వచ్చినవి, పిల్లవాడు నీటిలో పడినాడు.

చిన్నాన్నగారు తెడ్డు పారవేసి దూకినారు. నీరు ఆయన ఛాతీదాకానే ఉన్నది, కాని పిల్లవాడికి అది నిండులోతు. కలుపులో కాళ్లు చిక్కుకొన్నవి. చొక్కా పట్టుకొని పైకి లాగేసరికి వాడు నీళ్లు మ్రింగి నీలుక్కుపోయి ఉన్నాడు. గుండె ఆగినంత పని అయినది. దేవుని దయవల్ల బ్రతికినాడు. ఇప్పటికీ పడవ ఎక్కమంటే మాత్రం నా వేలు వదలడు. ఆనాడు లోతు తక్కువ గనుక వాడు దక్కినాడు. లోతు తక్కువ గనుకనే ఆ అల అంత నిటారుగా లేచినదని తరువాత తెలిసినది.

సాయంకాలం రేవులో ఆ మరపడవ నడిపిన కుర్రవాడిని పట్టుకొన్నాను. నోటికి వచ్చినట్లు తిట్టినాను. అతడు చేతులు జోడించి ఒడియాలో ఒకే మాట అన్నాడు: "ఆజ్ఞా, మిమ్మల్ని చూసే గదా నేను వేగం తగ్గించినాను!" అతని కండ్లలో అబద్ధం లేదు. నిజంగానే తగ్గించినాడు. మరి మేము ఎందుకు మునిగినాము?

దీని మర్మం మా చిన్నాన్నగారు నాలుగు మాటల్లో చెప్పినారు. నేను తరువాత చదివి తెలుసుకొన్నది కూడా అదే. పడవ మెల్లగా పోయేటప్పుడు నీటిని చీల్చుకొని పోతుంది, అల చిన్నది. వేగం పెరిగేకొద్దీ తాను లేపిన అలమీదికే తాను ఎక్కజూస్తుంది. ముక్కు పైకి లేస్తుంది, తోక క్రుంగుతుంది. అప్పుడు లేచే అల అన్నిటికంటె పెద్దది. ఇరవై అయిదు అడుగుల పడవకు ఈ దశ గంటకు సుమారు 12 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. ఇంకా వేగం పెంచితే తేలిక పడవ నీటిపైకి లేచి జారుతుంది. అప్పుడు అల కొంత తగ్గుతుంది. అట్లు జారిపోయే పడవ ఒక్కసారిగా వేగం తగ్గిస్తే ఏమవుతుంది? మళ్లీ ఆ చెడ్డ దశలోకి దిగుతుంది. అంటే ఆ కుర్రవాడు మంచి మనసుతోనే తన పడవ లేపగలిగిన అతి పెద్ద అలను సరిగా మా ప్రక్కనే వదిలినాడన్నమాట. అల ఎత్తు రెట్టింపు అయితే దాని బలం నాలుగింతలు. లోతు తక్కువైన చోట అది ఇంకా నిటారుగా లేచి విరుగుతుంది.

కనుక వేగం తగ్గించడం ఒక్కటే చాలదు, ముందుగా తగ్గించాలి. ఎదటి పడవ ఇంకా దూరాన ఉండగానే నడక వేగానికి వచ్చి, ముక్కు దిగి పడవ చదునుగా కూర్చొన్న తరువాత దాటిపోవాలి. దాటిన వెంటనే ఇంజను రెచ్చగొట్టకూడదు. కొంత దూరం పోయినాకనే మళ్లీ వేగం అందుకోవాలి.

మరునాడు చిన్నాన్నగారు ఆ కుర్రవాడిని పిలిచి తన నావలో కూర్చోబెట్టుకొన్నారు. అతని స్నేహితుని చేత అదే మరపడవను అదే విధంగా ప్రక్కనుండి నడిపించారు. అల వచ్చి కొట్టేసరికి కుర్రవాడు రెండు చేతులా నావ అంచు పట్టుకొన్నాడు. గట్టు ఎక్కినదాకా మాట్లాడలేదు. నా తిట్లు చేయని పని ఆ ఒక్క అల చేసినది. అప్పటినుండి అతడు తెడ్డుపడవ కనబడితే దూరంనుంచే నిదానిస్తాడు. మరపడవ నడపడానికి అనుమతి కోరే ప్రతివాడినీ ఒక పూట తెడ్డుపడవలో కూర్చోబెట్టాలని నేను ఆనాటినుండీ అంటున్నాను.

చట్టం లేదా అని మీరు అడుగవచ్చును. ఉన్నది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ జలయానాల చట్టం వచ్చినది. సముద్రయానానికి 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉన్నది. పడవ నడిపేవాడు ఎల్లవేళలా కండ్లు, చెవులు అప్పగించి గమనించాలని, ఆపదను తప్పించగలిగే వేగంతోనే పోవాలని, వెనుకనుండి దాటిపోయేవాడే ఎడంగా తొలగాలని అందులో వ్రాసినారు. తెరచాప పడవకు, వలలు వేసి సులభంగా కదలలేని చేపల పడవకు మరపడవ దారి ఇవ్వాలని కూడా ఉన్నది. కాని ఆ వరుసలో తెడ్డుపడవ పేరు విడిగా లేదు. పైగా ఇరుకైన కాలువలో తప్ప వేరే చోట పోలేని పెద్ద ఓడకు చిన్నపడవ అడ్డురాకూడదని కూడా అందులోనే ఉన్నది. కాబట్టి "దారి నాది" అని తెడ్డు పట్టుకొని భీష్మించుకొంటే లాభం లేదు. హక్కు కాగితంమీద ఉంటుంది. అల నీటిమీద ఉంటుంది.

అందుచేత తెడ్డువేసేవారికి కూడా నాలుగు మాటలు చెప్పాలి. అలకు ప్రక్క చూపకండి. అది వచ్చేలోగా నావ ముక్కును కొంచెం ఏటవాలుగా దానికి ఎదురు త్రిప్పండి. నిలబడకండి, క్రిందికి కూర్చొని తెడ్డును నీటిలోనే ఉంచి ఆడించండి, తెడ్డు నీటిలో ఉన్నంతసేపు అది మూడో కాలు వంటిది. ఇంజనుదారి నడుమ తీరికగా పోకండి. దాటవలసి వస్తే అడ్డంగా, తిన్నగా, అందరూ ఒక్క గుంపుగా దాటండి. అట్లని రాతిగట్టును రాసుకొని పోవడమూ మంచిది కాదు; గట్టుకు కొట్టిన అల తిరిగివచ్చి రెండవ దెబ్బ తీస్తుంది. మరపడవవాడికి మీ కేక వినబడదు, అతని చెవిలో ఇంజను రొద. తెడ్డు పైకెత్తి ఊపండి. తడిసిన తెడ్డు ఎండలో మెరుస్తుంది. రంగు చొక్కా తొడుక్కోండి. చీకటి పడితే టార్చిలైటో, వెలిగించిన లాంతరో చేతికందేటట్లు ఉంచుకొని, ఓడ దగ్గరకు రాకముందే చూపండి; ఇది కూడా ఆ నియమావళిలో ఉన్న మాటే. అన్నిటికంటె ముఖ్యం, పిల్లలకు తేలే చొక్కా తొడగనిదే నావ ఎక్కించకండి. ఆనాడు మేము తొడగలేదు. అది మరపడవవాడి తప్పు కాదు, నా తప్పు.

ఇక మన సంగతి. ఈ సభలో తెడ్డువేసేవారు లేరు, మరపడవ నడిపేవారూ లేరు. మనమందరం మరపడవలో కూర్చొనేవారము. డబ్బు ఇచ్చేవారము. తొందరపెట్టేవారము. నా తప్పు నేనే మొదట ఒప్పుకొంటాను. ఆ సంఘటనకు ముందు ఒకసారి కాళీజాయి అమ్మవారిని దర్శించుకొని తిరిగివస్తూ, రైలు తప్పిపోతుందని పడవవాడికి వంద రూపాయలు అదనంగా ఇచ్చి వేగంగా పొమ్మన్నాను. అత్తవారింటికి పోతూ గాలివానలో మునిగిపోయిన జాయి అనే ఆడపిల్లయే ఆ దీవిలో దేవతగా వెలసినదని జనశ్రుతి. మునిగిపోయిన పిల్లకు కొబ్బరికాయ కొట్టి, తిరుగుదారిలో ఎందరి నావలను నేను ఊపివేసినానో నాకు తెలియదు. వెనుదిరిగి చూడలేదు.

సాతపడా వైపు పోయినప్పుడూ ఇదే వరుస. అక్కడి ఐరావతీ డాల్ఫిన్లు ఇటీవలి లెక్కలలో నూటయాభైకి అటూ ఇటూగా ఉన్నవి. ఊపిరి పీల్చడానికి అవి పైకి రావలసిందే. "ఇంకా దగ్గరకు పోనీ, ఫోటో తీసుకోవాలి" అని మనం అంటాము. పడవవాడు తరుముతాడు. ఇంజను ఆకుల దెబ్బ తగిలి చచ్చిన డాల్ఫిన్లు ఉన్నవి. ఆ మర త్రిప్పినది అతని చేయి కావచ్చును. త్రిప్పించినది మన నోరు.

కార్తికమాసంలో మన సంఘం చిల్కాకు వనభోజనానికి పోవడం ఆనవాయితీ. ఈసారి నాలుగు పనులు చేద్దామని ఈ సభవారికి మనవి చేస్తున్నాను. పడవ మాట్లాడేటప్పుడే, తెడ్డుపడవ కనబడితే దూరంనుంచే నిదానించాలని చెప్పి ఒప్పించుకొందాము. ఒక గంట ముందుగా బయలుదేరుదాము. తీరిక ఉంటే తొందర ఉండదు. వెనుక కూర్చొని నడిపేవాడి చూపుకు అడ్డంగా ఎవరమూ లేచి నిలబడవద్దు. చిన్న నావ కనబడగానే ముందు కూర్చొన్నవారు చేయెత్తి పడవవాడికి చూపుదాము. ఈ నాలుగింటికీ దమ్మిడీ ఖర్చు లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మన బరంపురం మదరాసు రాజధాని నుండి ఇటు చేరినది. అప్పటినుండి మన పెద్దలు ఇక్కడే ఉండి, ఇరుగుపొరుగు భాష నేర్చుకొని, తమ భాష విడువక బ్రతికినారు. ఒకే నీటిలో రెండు రకాల నావలు పోవడమంటే ఏమిటో మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

మా చిన్నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ కుర్రవాడిని నావ దింపుతూ ఆయన అన్నమాటతో ముగిస్తాను. "నాయనా, నీ పడవ పోయినదాకే నీది అనుకోకు. వెనుక వదలిన అల కూడా నీదే."

మీకందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.